ఆకు ఎక్కడ మొలవాలో మొక్కకు ఎలా తెలుస్తుంది: కణాల పెరుగుదలకు, ఆకుల అమరికకు కంప్యూటర్‌లో నమూనా కట్టడం

నల్లగొండలో మా ఇంటి పెరట్లో ఒక బొప్పాయి చెట్టు ఉంది. కింది ఆకులు రాలిన చోటల్లా కాండం మీద మచ్చలు మిగిలాయి. ఒకరోజు పురికొస తీసుకొని ఒక మచ్చ దగ్గర మొదలుపెట్టి, వరుస తప్పకుండా ఒక్కో మచ్చను తాకిస్తూ, మొదటి మచ్చకు దాదాపు నిలువుగా పైనున్న మచ్చ దాకా చుట్టాను. కొస కాండం చుట్టూ 3 సార్లు తిరిగింది. ఎక్కిన మచ్చలు 8. మూడు చుట్లంటే 1080 డిగ్రీలు, దాన్ని 8తో భాగిస్తే ఒక ఆకుకూ తర్వాతి ఆకుకూ మధ్య 135 డిగ్రీలు.

చెట్టు దగ్గర కోణమానిని లేదు. ఏ కణానికీ మొత్తం చెట్టు కనిపించదు, తన పక్క కణాలే దాని లోకం. అయినా ప్రతి ఆకూ తన చోట్లోనే మొలుస్తుంది. ఇదెలా సాధ్యమో అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన అన్నిటికన్నా మంచి దారి కంప్యూటర్ నమూనా. అయితే ఒక షరతు. ఆకుల మధ్య కోణాన్ని మనం ప్రోగ్రాంలో రాయకూడదు. ఒక కణానికి తెలిసే సంగతులు మాత్రమే రాయాలి, కోణం దానంతట అది రావాలి. ఈ మార్గదర్శి అంతా ఆ షరతు మీదే నడుస్తుంది.

పదో తరగతి లెక్కలు వచ్చి, పైథాన్‌లో లూప్, లిస్ట్ రాయడం తెలిస్తే చాలు. బోటనీ విద్యార్థులు కోడ్ అనగానే టెన్షన్ పడతారు, కంప్యూటర్ విద్యార్థులు మొక్క వైపు చూడరు. ఇద్దరు కలిసి చేస్తే ఈ పని బాగా సాగుతుంది.

మొదటి అడుగు: కంప్యూటర్ తెరవకముందు కొలవండి

ఇంటి చుట్టుపక్కల నాలుగు రకాల మొక్కలు వెతకండి. జొన్న చేనుకు పోతే ఆకులు ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క, అంటే 180 డిగ్రీల తేడాతో రెండు వరుసల్లో ఉంటాయి. పాలమూరు గుట్టల మీది సీతాఫలం కొమ్మ కూడా అంతే. తులసిలో, జిల్లేడులో ఆకులు జంటలుగా వస్తాయి, ప్రతి జంటా కింది జంటకు అడ్డంగా 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. గన్నేరులో కణుపుకు మూడేసి. ఇక బొప్పాయి, ఆముదం, పత్తి, పొద్దుతిరుగుడు మెలి తిరుగుతూ పోయే రకం.

కొలిచే పద్ధతి ఇది. లేత మొక్క కొనను సరిగ్గా పైనుంచి ఫోన్‌తో ఫోటో తీయండి. అన్నిటికన్నా చిన్న ఆకుకు 1, దాని తర్వాతి దానికి 2 అని వయసు వరుసలో అంకెలు వేయండి. ఫోటోలో కొన నుంచి ఒక్కో ఆకు తొడిమకు గీత గీసి, పక్కపక్క అంకెల గీతల మధ్య కోణం కొలవండి. కోణం 180 దాటితే 360లోంచి తీసేయండి. కనీసం 20 కోణాలు రాసుకొని సగటు కట్టండి. కాండం పెరుగుతూ కొద్దిగా మెలిపడుతుంది, తొడిమలు ఎండ వైపు వంగుతాయి, కాబట్టి ఒక్కో కొలతలో పది డిగ్రీల తప్పు రావడం మామూలే.

బత్తాయి తోటలున్న వాళ్లకు ఒక మాట. బత్తాయి కొమ్మ ఒక విడత చిగురు వేసి ఆగి, మళ్లీ ఇంకో విడత వేస్తుంది. విడత మారినప్పుడు ఆకుల మెలి దిక్కు కూడా తిరగబడుతుంది. ఒకే విడతలో వచ్చిన ఆకులనే లెక్కపెట్టండి, లేకపోతే అంకెలు కలగాపులగం అవుతాయి.

రెండో అడుగు: పనిముట్లు

గూగుల్ కోలాబ్ చాలు. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, పైథాన్‌తో పాటు లెక్కలకు పనికొచ్చే నమ్‌పై, బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ అందులో ముందే ఉంటాయి. ఫోన్‌లో కూడా నడుస్తుంది గానీ కోడ్ దిద్దడానికి కీబోర్డ్ ఉంటేనే సుఖం. కరెంటు పోయినా, నెట్ తెగినా నడుస్తున్న లెక్క పోతుంది కాబట్టి, వచ్చిన అంకెలను ఎప్పటికప్పుడు డ్రైవ్‌లో దాచే అలవాటు చేసుకోండి.

మూడో అడుగు: ముందు ఒక బొమ్మ

1979లో హెల్మట్ ఫోగెల్ పొద్దుతిరుగుడు పువ్వుకు రెండు ముక్కల్లో తేలే సూత్రం ఇచ్చాడు. విత్తనానికి 0, 1, 2, 3 అని వరుస అంకె ఇవ్వండి. దాని కోణం = వరుస అంకె × 137.508 డిగ్రీలు. నడిమి నుంచి దాని దూరం = వరుస అంకె వర్గమూలం. 500 చుక్కలు పెట్టి చూడండి. పొద్దుతిరుగుడు చేనులో మీరు చూసిన పువ్వే తెర మీద వస్తుంది.

వర్గమూలం ఎందుకు? ప్రతి విత్తనానికీ సమానమైన చోటు దక్కాలి. అంటే పువ్వు వైశాల్యం విత్తనాల సంఖ్యతో సమంగా పెరగాలి. వృత్తం వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, దూరం వర్గమూలంగా పెరగాలి.

ఇప్పుడు కోణాన్ని 135 చేయండి. ఎనిమిది సూటి గీతలు వచ్చి మధ్యలో చోటంతా ఖాళీగా మిగులుతుంది. 144 పెడితే ఐదు గీతలు. 137 పెడితే మెలికలు కనిపిస్తాయి గానీ సందులు తెరుచుకుంటాయి. మళ్లీ 137.508 పెట్టి, అంచు దగ్గర కుడి వైపు తిరిగే వరుసలెన్నో, ఎడమ వైపు తిరిగేవెన్నో లెక్కపెట్టండి. 21, 34, 55 లాంటి ఫిబొనాచీ అంకెలు వస్తాయి. వరుసలో ఒక్కో అంకె ముందున్న రెంటి మొత్తం.

చుక్కలు అడ్డదిడ్డంగా పడితే ముందు చూడాల్సింది ఒకటే. నమ్‌పైలో సైన్, కొసైన్ ఫంక్షన్లు డిగ్రీలు తీసుకోవు, రేడియన్లు తీసుకుంటాయి (కోణానికి ఇంకో కొలత, 180 డిగ్రీలు సుమారు 3.1416 రేడియన్లు). డిగ్రీలను మార్చకుండా ఇవ్వడం దాదాపు అందరూ చేసే మొదటి తప్పు.

ఈ బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఇది నమూనా కాదు. 137.508 అని మనమే చెప్పాం, అది గీసింది. మన షరతు ఇక్కడ నెరవేరలేదు.

నాలుగో అడుగు: కోణం చెప్పకుండా కోణం రప్పించడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

1868లో హోఫ్‌మైస్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త మొక్కల కొనలను సూక్ష్మదర్శినిలో చూసి ఒక నియమం చెప్పాడు. కొత్త ఆకు మొలక పాత మొలకల మధ్య అన్నిటికన్నా ఎక్కువ ఖాళీ ఉన్న చోట పుడుతుంది. 1992లో పారిస్‌లో డువాడీ, కుడేర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని మొక్కే లేకుండా చేసి చూపించారు. నూనె పోసిన పళ్లెం నడిమిలో అయస్కాంత ద్రవం చుక్కలను ఒక్కొక్కటిగా వదిలారు. చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అయస్కాంత క్షేత్రం వాటిని అంచుకు లాగుతుంది. చుక్కలు వాటంతట అవే మెలికలుగా సర్దుకున్నాయి.

బతుకమ్మను పేర్చేటప్పుడు మనం తాంబాలం అంచు నుంచి మొదలుపెట్టి పైకి, లోపలికి పోతాం. మొక్క పని దీనికి తలకిందులు. కొత్తది ఎప్పుడూ నడిమి దగ్గరే పుడుతుంది, పాతవి బయటికి జరుగుతాయి. ప్రోగ్రాం రాసేటప్పుడు ఈ దిక్కు మనసులో పెట్టుకోండి.

నడిమిలో వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం ఊహించుకోండి. మొలకలు ఆ వృత్తం గీత మీదే పుడతాయి. మొదటి మొలకను 0 డిగ్రీల దగ్గర పెట్టండి. ఆ తర్వాత ప్రతి విడతలో ఈ పనులు ఇదే వరుసలో జరగాలి:

పాత మొలకలన్నిటి దూరాన్నీ ఒకే నిష్పత్తిలో పెంచండి. ఎంత పెంచాలో చెప్పే అంకెను నేను ‘గ’ అంటాను. గ కు ఎక్స్‌పొనెన్షియల్ తీసి (అంటే 2.718ను గ ఘాతానికి పెంచి, నమ్‌పైలో exp) దాంతో దూరాన్ని గుణించాలి. గ 1.2 అయితే దూరం 3.32 రెట్లవుతుంది, 0.1 అయితే 1.105 రెట్లే.

వృత్తం గీత మీద 3600 చోట్లు తీసుకోండి, అంటే డిగ్రీలో పదో వంతుకు ఒకటి. ఒక్కో చోట పాత మొలకల ‘అడ్డు’ ఎంతో లెక్కకట్టండి. ఒక మొలక పెట్టే అడ్డు = 1 ÷ ఆ చోటికీ మొలకకూ మధ్య దూరం. అన్నిటినీ కూడండి.

అడ్డు అన్నిటికన్నా తక్కువున్న చోట కొత్త మొలక పెట్టండి. దూరం 20 దాటిన మొలకలను జాబితాలోంచి తీసేయొచ్చు, వాటి ప్రభావం ఇక లెక్కలోకి రాదు.

ఇంతే. ఎక్కడా 137 లేదు, ఫిబొనాచీ లేదు.

గ ను 1.2 దగ్గర ఉంచి 30 మొలకలు నడపండి. ప్రతిదీ ముందుదానికి ఎదురుగా, 180 డిగ్రీల దగ్గర వస్తుంది. మీ జొన్న మొక్క తయారైంది. పాత మొలకలు చాలా దూరం జరిగిపోతున్నాయి కాబట్టి, కొత్తదానికి కనిపించేది ఒక్క ముందు మొలకే. దానికి ఎదురుగా పోవడమే దానికి సుఖం.

ఇప్పుడు ఒక్కో మొలకకు గ ను 0.005 చొప్పున తగ్గిస్తూ 0.1 దాకా తీసుకురండి. సుమారు 220 మొలకలవుతాయి. ఆ తర్వాత గ ను 0.1 దగ్గరే ఆపి ఇంకో వంద నడపండి. మొలక వరుస అంకెను అడ్డంగా, దాని ముందుదానితో ఉన్న కోణాన్ని నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. మొదట గీత 180 దగ్గర చదునుగా ఉంటుంది. గ తగ్గేకొద్దీ ఇప్పుడు ముందుదాని ముందుది కూడా దగ్గర్లోనే ఉండి నెడుతుంది, అందుకని కొత్త మొలక సూటిగా ఎదురుగా పోలేక ఒక పక్కకు ఒరుగుతుంది. గీత విరిగి కిందికి దిగుతూ, ఊగుతూ, 137.5 దరిదాపులకు చేరుతుంది. నేను ఈ గ్రాఫ్‌ను మొదటిసారి చూసిన రాత్రి మళ్లీ మళ్లీ నడిపి చూశాను.

రెండు జాగ్రత్తలు. ఒకటి, 180 దగ్గర కుడి, ఎడమ రెండూ సమానమే. కంప్యూటర్‌కు రెండు చోట్లు సమానంగా కనిపిస్తే ఎప్పుడూ జాబితాలో ముందున్నదాన్నే ఎంచుతుంది, అది మొక్క లక్షణం కాదు. అడ్డు లెక్కకు వెయ్యో వంతు యాదృచ్ఛిక తేడా కలపండి. అప్పుడు కొన్నిసార్లు కుడి మెలి, కొన్నిసార్లు ఎడమ మెలి వస్తుంది. మీ పెరట్లో కూడా రెండు రకాల మొక్కలూ ఉంటాయి, చూడండి.

రెండోది ఇంకా ముఖ్యం. గ ను మొదటి నుంచే 0.1 దగ్గర పెడితే ఏ అమరిక వస్తుందన్న భరోసా ఉండదు. 99.5 డిగ్రీల దగ్గర ఆగి 1, 3, 4, 7, 11 అనే వేరే వరుస రావచ్చు, అసలు క్రమమే కుదరకపోవచ్చు. మెల్లగా తగ్గిస్తూ వస్తేనే ఫిబొనాచీ దారిలో పడుతుంది. మొలకెత్తిన గింజ కూడా రెండు మూడు ఆకులతో మొదలై, కొన పెద్దదవుతున్న కొద్దీ ఎక్కువ మొలకలను చుట్టూ పెట్టుకుంటుంది. అంటే గడిచిన చరిత్ర కూడా అమరికలో భాగమే. ఈ సంగతి ఫోగెల్ బొమ్మ ఎన్నటికీ చెప్పలేదు.

ఐదో అడుగు: ‘అడ్డు’ అంటే అసలేమిటి

ఇందాక మొలకలు ఒకదాన్నొకటి నెడతాయని ఊహించుకున్నాం. మొక్కలో ఆ పని ఎక్కువగా ఆక్సిన్ అనే హార్మోన్ ద్వారా జరుగుతుంది. ఆక్సిన్‌ను కణం నుంచి కణానికి తరలించే ప్రొటీన్లకు పిన్ అని పేరు. ఆ ప్రొటీన్ చెడిపోయిన అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) మొక్కలో పూకాండం పువ్వులు లేకుండా గుండుసూదిలా పెరుగుతుంది, పేరు అక్కడి నుంచి వచ్చింది. టమాట మొక్క కొనలో ఆక్సిన్ రవాణాను మందుతో ఆపితే ఆకులు ఆగిపోతాయని, అలాంటి కొన మీద ఒక పక్కన ఆక్సిన్ చుక్క పెడితే సరిగ్గా అక్కడే ఆకు మొలుస్తుందని 2000లో రైన్‌హార్ట్ బృందం చూపింది. 2006లో రెండు బృందాలు వేర్వేరుగా దీన్ని కంప్యూటర్ నమూనా చేశాయి. వాటి కీలక ఊహ ఒకటే: ప్రతి కణం తన ఆక్సిన్‌ను, ఇప్పటికే ఎక్కువ ఆక్సిన్ ఉన్న పక్క కణం వైపే ఎక్కువగా పంపుతుంది.

దీని చిన్న రూపం మనమే రాద్దాం. 60 కణాలను దండలాగా గుండ్రంగా పెట్టండి. అన్నిటిలో ఆక్సిన్ 1, దానికి నూటికి ఒకటి చొప్పున యాదృచ్ఛిక తేడా. సమయపు అడుగు 0.05. ప్రతి అడుగులో ఒక్కో కణానికి నాలుగు లెక్కలు:

తయారీ, వేగం 0.1. క్షయం, 0.1 × తన ఆక్సిన్. విసరణ, 0.2 × రెండు పక్కల తేడాల మొత్తం. నాలుగోది రవాణా: 2 × తన ఆక్సిన్ బయటికి పోతుంది, అందులో ఎడమ వాటా = ఎడమ కణం ఆక్సిన్ ÷ రెండు పక్కల ఆక్సిన్ మొత్తం, మిగిలింది కుడికి. కణంలోకి వచ్చేదాన్ని కూడి, పోయేదాన్ని తీసేసి, మిగిలినదాన్ని 0.05తో గుణించి పాత విలువకు కలపండి.

4000 అడుగులు నడపండి. సమంగా ఉన్న దండ మీద గుట్టలు లేస్తాయి, సుమారు ఆరేడు కణాలకు ఒకటి చొప్పున. ఒక్కో గుట్టా ఒక ఆకు పుట్టే చోటు. గుట్ట తన చుట్టూ ఉన్న ఆక్సిన్‌ను లాగేసుకుంటుంది, కాబట్టి దాని పక్కన ఇంకో గుట్ట లేవలేదు. నాలుగో అడుగులోని ‘అడ్డు’ ఇదే. నెట్టడంలా కనిపించింది నిజానికి ఆకలి.

విసరణను 0.2 నుంచి 1కి పెంచి చూడండి. గుట్టలు రావు, మొదటి తేడాలు కూడా చదునైపోతాయి. కూడబెట్టే వేగం కన్నా పరుచుకునే వేగం ఎక్కువైతే ఏ అమరికా నిలవదు.

ఇక్కడ నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. కణాల విలువలను ఒకదాని తర్వాత ఒకటి అదే జాబితాలో మార్చాను. అప్పుడు పదో కణం లెక్కకట్టేసరికి తొమ్మిదో కణం ఇప్పటికే మారిపోయి ఉంటుంది, గుట్టలన్నీ ఒక పక్కకు కొట్టుకుపోయాయి. పాత జాబితాను నకలు తీసుకొని, లెక్కంతా నకలు నుంచే చేయాలి. తప్పు పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది: తయారీ, క్షయం సమానంగా ఉన్నాయి కాబట్టి 60 కణాల మొత్తం ఆక్సిన్ 60 దగ్గరే ఉండాలి. అది జారుతుంటే రవాణా లెక్క తప్పినట్టే.

ఆరో అడుగు: కణం పెరగడం

ఆకు మొలిచే చోటు తేలింది. ఇక ఆ ఆకు పెద్దదవ్వాలి. కణం గట్టి కణకవచంలో బంధించి ఉంటుంది. లోపల నీటి ఒత్తిడి, అంటే టర్గర్ ప్రెషర్, సాధారణంగా 0.3 నుంచి 1 మెగాపాస్కల్ దాకా ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడి 0.2 చిల్లర అని గుర్తుంచుకుంటే దీని బలం తెలుస్తుంది. 1965లో లాక్‌హార్ట్ ఇచ్చిన సమీకరణం ఇలా ఉంటుంది:

పెరుగుదల వేగం = కవచం సాగే గుణం × (లోపలి ఒత్తిడి − కవచం సాగడం మొదలుపెట్టే ఒత్తిడి)

అంకెలు వేద్దాం. సాగే గుణం గంటకు 0.1, లోపలి ఒత్తిడి 0.6, సాగడం మొదలయ్యే ఒత్తిడి 0.4. తేడా 0.2, వేగం గంటకు 0.02, అంటే గంటకు నూటికి రెండు. ఈ లెక్కన కణం రెట్టింపు కావడానికి సుమారు 35 గంటలు. ఇప్పుడు లోపలి ఒత్తిడిని 0.4కు దించండి. పెరుగుదల సున్నా. అయినా కణంలో ఒత్తిడి ఉంది కాబట్టి ఆకు వాడినట్టు కనిపించదు. వాన వెనక్కి పోయిన ఏడాది మన చేలల్లో జరిగేది ఇదే. ఆకు వాలకముందే దాని పెరుగుదల ఆగిపోయి ఉంటుంది.

ముందు ఒకే వరుసలో కణాలతో రాయండి. ప్రతి కణం పొడవు పై సమీకరణం ప్రకారం పెరుగుతుంది, రెట్టింపు కాగానే రెండుగా చీలుతుంది. చీలే పొడవులో నూటికి పది యాదృచ్ఛిక తేడా పెట్టండి, లేకపోతే కణాలన్నీ ఒకే క్షణంలో చీలుతుంటాయి, నిజం ఆకులో అలా జరగదు.

రెండు కొలతల్లోకి పోవాలంటే కణాన్ని బహుభుజిగా, కవచాలను సాగే స్ప్రింగులుగా రాయాలి. కణం ఎక్కడ చీలాలన్నదానికి 1886లో ఎరెరా చెప్పిన నియమం ఇప్పటికీ మంచి ఆరంభం: సబ్బు పొరలాగా, కణాన్ని పంచే గోడల్లో పొట్టిదాని వైపే మొగ్గు. బహుభుజి మధ్య బిందువు గుండా, పొడవైన దిశకు అడ్డంగా కోస్తే దాదాపు అదే వస్తుంది. ఇది మొదటి నుంచి రాయడానికి నెలలు పడుతుంది. నా సలహా, ఒక వరుస నమూనా మీరే రాయండి, రెండు కొలతలకు వర్చువల్‌లీఫ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి.

ఏడో అడుగు: ఈనెలు

ఇది చిన్న ప్రోగ్రామే, పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. 2005లో రునియన్స్ బృందం ఇచ్చిన పద్ధతి. ఆకు ఆకారంలో 300 చుక్కలు చల్లండి, ఒక్కోటీ ఆక్సిన్ పుట్టే చోటు. తొడిమ దగ్గర ఒక ఈనె బిందువు పెట్టండి. ప్రతి చుక్కా తనకు అన్నిటికన్నా దగ్గరున్న ఈనె బిందువును లాగుతుంది. లాగబడిన బిందువు సగటు దిశలో ఒక చిన్న అడుగు వేసి కొత్త బిందువు పెడుతుంది. ఈనె దగ్గరికి వచ్చిన చుక్కను తీసేయండి. చుక్కలు అయిపోయేదాకా ఇదే.

సరిపోల్చడానికి రావి ఆకును కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో కడగండి. వలలాంటి ఈనెలు మిగులుతాయి. మీ ప్రోగ్రాంలో కొమ్మలే వస్తాయి, రావి ఆకులో గళ్లు మూసుకుంటాయి. గళ్లు మూయాలంటే ఒక చుక్క ఒకేసారి ఒకటికి మించి ఈనెలను లాగేలా నియమం మార్చాలి.

ఎనిమిదో అడుగు: పెరటికి తిరిగి పోండి

నమూనాను ఒక్కసారి నడిపి వచ్చిన బొమ్మను నమ్మకండి. యాదృచ్ఛిక తేడా మారుస్తూ 20 సార్లు నడిపి, ప్రతిసారీ వచ్చిన కోణం రాసుకోండి. మొదటి అడుగులో కొలిచిన 20 కోణాల పక్కన పెట్టండి. రెండు జాబితాల సగటే కాదు, చెదురు ఎంతుందో కూడా చూడండి. మొక్కలో చెదురు ఎక్కువుంటే, నమూనాలో కలిపిన వెయ్యో వంతు తేడాను కొంచెం కొంచెం పెంచి ఎక్కడ సరిపోతుందో వెతకండి. అంకెలను మొక్కకు సరిపోయేదాకా తిప్పుతూ పోవడం మాత్రం వద్దు. మార్చిన ప్రతి అంకెకూ మొక్కలో అర్థం ఉండాలి.

ఆ తర్వాత నమూనాతో ఒక ప్రశ్న అడగండి. నాలుగో అడుగులోని గ నిజానికి రెండింటి లబ్ధం: మొలక బయటికి జరిగే వేగం, ఒక మొలకకూ తర్వాతి దానికీ మధ్య పట్టే సమయం. నీళ్లు తక్కువైతే ఆరో అడుగు ప్రకారం వేగం తగ్గుతుంది. మొలకల మధ్య సమయం కూడా అదే నిష్పత్తిలో పెరిగితే గ మారదు, ఆకులు తక్కువా చిన్నవీ అయినా వాటి మధ్య కోణం అలాగే ఉండాలి. సమయం మారకుండా వేగం ఒక్కటే తగ్గితే గ పడిపోతుంది, కోణం కదలాలి. ఆముదం చేనులో బోరు కాలువ పక్కన పది మొక్కలు, వాన మీదే బతికే మూల నుంచి పది మొక్కలు ఎంచుకోండి. ఒక్కోదానికి దారం కట్టి అంకె వేసి, వారానికి ఒకసారి ఒకే సమయంలో పైనుంచి ఫోటో తీయండి. ఆ వారంలో వచ్చిన కొత్త ఆకులెన్ని, వాటి కోణాలెంత అని రెండు గడులు పెట్టి నోట్‌బుక్‌లో రాయండి. ఆరు వారాలు చాలు.